పాత లెన్సుకు కొత్త కొలువు

కిందటేడు వానలకు ముందు మా అక్క ఇంటికి సున్నం వేయించింది. అటక మీది సామాను దించితే మూడు కుప్పలు అయినయి. ఒకటి ఉంచుకునేది, ఒకటి ఎవరికైనా ఇచ్చేది, ఒకటి భంగార్‌వాడికి వేసేది. మూడో కుప్పలో తుప్పు పట్టిన టేబుల్ ఫ్యాను, చిల్లు పడ్డ డేగిసా, వాటి మీద నల్ల తోలు సంచిలో ఒక కెమెరా.

ఆ కెమెరా మా బావది. జెనిట్ ఇ అని రష్యా దేశపుది. 1978లో ముంబై చోర్ బజార్‌లో సెకండ్ హ్యాండ్ కొన్నాడు. అప్పుడు మేమిద్దరం ఒకే మిల్లులో ఉన్నాం. బావ సాంచా ఖాతాలో పర్మనెంటు, నేను బదిలీవాణ్ణి. భోంగా మోగక ముందే గేటు కాడ నిలబడాలి. ఎవరైనా నాగా పెడితేనే నాకు పాళీ దొరికేది. మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. అటువంటి నేను కెమెరా సంగతులు రాస్తున్నానంటే నవ్వకండి. మగ్గాన్ని, సాంచాను చేత్తో తడిమి మాట వినిపించుకున్న వాళ్ళం మనం. ఈ పని కూడా అట్లాంటిదే అని చెప్పడానికే రాస్తున్నాను.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ వెనక సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ కథ మన ఇళ్ళల్లో తెలియని వాళ్ళు లేరు, మళ్ళీ చెప్పను. మా అక్క ఇంట్లో మాత్రం ఒక్కొక్క సామాను గడప దాటింది. పుస్తెల పక్క గుండ్లు పోయినయి. పెళ్ళికి పెట్టిన ఇత్తడి బిందెలు పోయినయి. గోడ గడియారం పోయింది. కెమెరా మాత్రం పోలేదు. ఆ తర్వాత భివండీకి వచ్చాం. మేము పవర్‌లూముల మీద, అక్క బీడీల చేట ముందు. బావ చనిపోయి కూడా చాలా ఏండ్లయింది. అయినా ఆ మాట అక్క మరవలేదు. "నా బిందెలు అమ్మినోడు ఆ డబ్బా అమ్మలే" అంటది.

ఆ రోజు కూడా అదే అన్నది. "భంగార్‌ల వెయ్యి తమ్మీ. దాని మొఖం నాకు చూపియ్యకు."

నేను వేయలేదు. ఎందుకు వేయలేదో చివర చెప్తాను.

గుడ్డ షట్టరు, గాజు కన్ను

అక్క మనవరాలు ఒకతి ఉంది. డిగ్రీ చదువుకుంటూనే, ఫోన్ల మీద చీరెలు అమ్మే రెండు మూడు దుకాణాలకు ఫొటోలు తీసిస్తది. అందుకోసం సోనీ మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి పాతది కిస్తుల మీద కొన్నది. దానితో వచ్చిన చిన్న లెన్సు అన్నిటికీ ఒక మాదిరిగా పనికొస్తది గాని, మనిషిని నిలబెట్టి వెనక గోడను మసకగా కరిగించేటట్టు తీయాలంటే వేరే లెన్సు కావాలి. కొత్తది కొనాలంటే కెమెరా మీద ఇంకో కెమెరా కొన్నంత అవుతది. ఒక దుకాణం వాళ్ళు "ఫొటోల్ల ఉఠావ్ లేదు" అని ఆర్డరు వెనక్కి తీసుకునే మాటలో ఉన్నారు.

నేను ఆ సంచి తీసుకుపోయి ఆ పిల్ల ముందు పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "తాతా, డబ్బా చచ్చిపోయింది. లెన్సు బతికే ఉంది" అన్నది.

డబ్బా నిజంగానే చచ్చిపోయింది. ఆ కెమెరాలో షట్టరు గుడ్డతో చేసింది, రబ్బరు పూసిన సన్నటి నల్ల గుడ్డ. ఇన్నేండ్లకు అది పెళుసు బారి పిగిలిపోయింది. అంత పెద్ద దేశం వాళ్ళు చేసిన కెమెరా కూడా చివరికి గుడ్డ మీదనే నడిచిందని ఆ రోజే తెలిసింది.

లెన్సు పేరు హీలియోస్ 44-2. మాస్కో దగ్గరి క్రస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలోనూ, ఇంకో రెండు చోట్లా ఈ రకం లెక్కలేనన్ని తయారు చేశారు. 58 మిల్లీమీటర్లది, ఎఫ్ 2 దాకా తెరుచుకుంటది. మూతి చుట్టూ చెక్కిన నంబరు 77తో మొదలైంది. రష్యా లెన్సులకు చాలావాటికి మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం అని పిల్ల చెప్పింది. అంటే 1977ది. బావ కొన్నప్పుడు అది ఒక ఏడాది పసిబిడ్డ అన్నమాట.

మధ్యలో ఉన్నది ఒట్టి గొట్టం

1977 నాటి లెన్సు ఇప్పటి కెమెరాకు ఎట్లా పడుతుంది? ఇది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. అర్థమైనాక చాలా సులువు.

పాత కెమెరాలో లెన్సుకూ ఫిలిముకూ నడుమ వాలుగా ఒక అద్దం ఉంటది. లెన్సు చూసేదాన్ని ఆ అద్దం పైకి పంపితేనే మన కంటికి కనబడేది. మీట నొక్కితే అద్దం పైకి లేచి ఫిలిముకు దారి ఇస్తది. ఆ అద్దం ఆడడానికి జాగా కావాలి. అందుకని లెన్సు కూర్చునే చోటుకూ ఫిలిముకూ మధ్య 45.46 మిల్లీమీటర్ల దూరం పెట్టారు. ఈ రకం మరను ఎం 42 అంటారు. 42 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక్కొక్క చుట్టుకు ఒక మిల్లీమీటరు. బోల్టు తిప్పినట్టు తిప్పి బిగించడమే.

కొత్త కెమెరాలో ఆ అద్దం లేదు. మిర్రర్‌లెస్ అంటే అదే, అద్దం లేనిది. ఫిలిము జాగాలో సెన్సరు ఉంటది, అది చూసేదే వెనక తెర మీద కనబడతది. అద్దం లేదు గనక అంత దూరం అక్కర్లేదు. సోనీలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. 45.46లోంచి 18 తీసేస్తే 27.46. సరిగ్గా అంత పొడుగున్న గొట్టం ఒకటి మధ్యలో బిగిస్తే, పాత లెన్సు తన పాత చోటే కూర్చున్నట్టు లెక్క. దాన్ని అడాప్టర్ అంటారు. లోపల గాజు లేదు, కరెంటు లేదు, ఒట్టి గొట్టం. మాకు వెయ్యి రూపాయల లోపే దొరికింది.

అద్దమున్న కెమెరాలన్నిటికీ ఇది కుదరదు. నికాన్ పాత పద్ధతి కెమెరాల్లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. అంటే లెన్సుకు కావలసినదానికన్నా ఎక్కువే ఉంది, గొట్టానికి జాగా ఎక్కడిది? మధ్యలో గాజు లేకుండా బిగిస్తే దగ్గరివే స్పష్టంగా వస్తయి, దూరం కొండలు రావు. మిర్రర్‌లెస్ వచ్చినాకనే ఈ పాత లెన్సులన్నిటికీ మళ్ళీ కొలువు దొరికింది.

గొట్టం పొడుగు కూడా సాంచా సెట్టింగు లాంటిదే. వెంట్రుకవాసి పొడుగైతే దూరపు వస్తువు ఎంత తిప్పినా ఫోకస్‌కు రాదు. కొంచెం పొట్టిదైతే పరవాలేదు, రింగు చివరికంటా తిప్పకముందే వచ్చేస్తది. అందుకే చాలామంది కొంచెం పొట్టిగానే చేస్తారట. మాది అట్లాంటిదే. రింగు మీద దూరం అంకెలను నమ్మం, తెర మీద చూసుకుంటాం.

మొదట్లో రెండు దెబ్బలు

బిగించి మీట నొక్కితే కెమెరా కదలలేదు. లెన్సు లేదంటది! ముందర అంత పెద్ద లెన్సు పెట్టుకుని లేదంటే ఎట్లా? పిల్ల గాబరా పడ్డది. సంగతేమంటే, కొత్త లెన్సులు తీగల ద్వారా కెమెరాతో మాట్లాడుకుంటయి. ఇది మూగది. మెనూలో 'లెన్సు లేకుండా రిలీజ్' అనే మాట ఉంటది. దాన్ని ఆన్ చేయాలి. ఒక్కసారి చేస్తే చాలు. ఇది తెలియక అడాప్టరు పాడయిందని వాపసు పంపేవాళ్ళు ఉంటారు.

రెండో దెబ్బ నేను కొట్టింది. లెన్సు రింగు బిగుసుకుపోయి ఉంది. లోపలి గ్రీజు ఎండిపోయింది. సాంచా బిగిస్తే మనం ఏం చేస్తాం? నూనె వేస్తాం. ముప్పై ఏండ్ల చేతి అలవాటు. పిల్ల కాలేజీకి పోయినప్పుడు మిషను నూనె మూడు చుక్కలు రింగు సందులో వేశాను. రింగు వెన్న లాగ తిరిగింది. సంబరపడ్డాను. నాలుగు రోజులకు చూస్తే లోపలి రేకులు నూనెతో మెరుస్తున్నయి, గాజు మీద పొగ పట్టినట్టు మసక. పిల్ల ఏమీ అనలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధయింది. ఆ వారమే దుకాణానికి ఫొటోలు ఇయ్యాల్సి ఉండె.

ముంబైలో ఒక పాత కెమెరా మెకానిక్ దగ్గరికి లోకల్ ఎక్కి పోయాను. నాకన్నా పెద్దాయన. టార్చి వేసి చూసి, "మిల్లువాడివా?" అని అడిగాడు. అవునన్నాను. లెన్సుకు గ్రీజు తప్ప నూనె పెట్టకూడదు, నూనె పారుతుంది, గ్రీజు నిలబడుతుంది అని చెప్పాడు. విప్పి తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, అంచున కొంచెం పట్టిన బూజు కూడా తీసి, రెండు రోజులకు ఇచ్చాడు. అదృష్టం ఏమిటంటే ఈ లెన్సు రేకులు చేత్తో తిప్పితేనే కదిలేవి. మీట నొక్కగానే టక్కున మూసుకోవాల్సిన రకమైతే నూనెకు అంటుకుని పనే ఆగిపోయేదట.

చేత్తో ఫోకస్

ఈ లెన్సుకు ముందు భాగంలో రెండు రింగులు. ఒకదానితో ఎంత మూయాలో ముందే నిర్ణయించి పెడతాం, ఎఫ్ 5.6 అనుకోండి. రెండోది తెరిచి మూసేది. పూర్తిగా తెరిచి ఫోకస్ చూసుకుని, చూడకుండానే రెండో రింగు తిప్పితే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతది. బావ కాలంలో రేకులు మూస్తే కెమెరాలో చీకటయ్యేది. ఇప్పుడు మూసినా తెర తానే వెలుగు సరి చేసుకుంటది.

ఫోకస్‌కు రెండు సాయాలు ఉన్నయి. ఒకటి పీకింగ్. ఎక్కడ స్పష్టంగా ఉందో అక్కడ అంచుల మీద ఎర్ర గీత మెరుస్తది. రెండోది మ్యాగ్నిఫై. బటన్ నొక్కితే బొమ్మలో ఒక ముక్క పెద్దదై కనబడతది, కంటి రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మోతిబిందు ఆపరేషను అయిన నా కండ్లకు కూడా ఫోకస్ దొరుకుతుందంటే వీటి వల్లనే. పీకింగ్‌ను పూర్తిగా నమ్మకండి. లెన్సు బాగా తెరిచినప్పుడు ముక్కుకూ కంటికీ రెండింటికీ ఎరుపు వేస్తది. చివరి మాట మ్యాగ్నిఫైదే.

వెలుగు లెక్క కెమెరా చూసుకుంటది. డయల్‌ను 'ఏ' మీద పెడితే షట్టరు వేగం అదే ఎంచుకుంటది. మా కెమెరా సెన్సరు పాత ఫిలిము కంటె చిన్నది. కాబట్టి 58 లెన్సు ఒకటిన్నర రెట్లు, అంటే 87 లాగ పనిచేస్తది. మనిషి మొహానికి, భుజం మీది కొంగుకు అది చాలా అనువైన దూరం.

ఎఫ్ 2 దగ్గర నడుమ బాగుంటది, అంచులు మెత్తగా ఉంటయి. వెనక చెట్టు ఆకులు ఉంటే అవి గుండ్రంగా సుడి తిరిగినట్టు వస్తయి. ఆ సుడి కోసమే ఈ లెన్సును వెతుక్కునే వాళ్ళున్నారు. ఎఫ్ 5.6, 8 దగ్గర చీరె అంచు జరీ పోగు పోగు కనబడతది.

చీరె మీద అలలు

ఒక సన్న నేత చీరె తీసినప్పుడు బొమ్మలో అలలు వచ్చినయి. గుడ్డ మీద లేని చారలు, ఇంద్రధనుస్సు రంగులు. లెన్సు పాడయిందని పిల్ల అనుకుంది. నాకు మాత్రం చూడగానే తెలిసింది. దోమతెర రెండు మడతలు వేసి వెలుగుకు ఎత్తి పట్టండి, అలలు కనబడతయి. ఒక జాలి మీద ఇంకో జాలి పడితే అంతే. చీరెలో పడుగు పేకలది ఒక జాలి, సెన్సరు లోపల చుక్కలది ఇంకో జాలి. రెండూ దాదాపు ఒకే సన్నతనంలో కలిసినప్పుడు ఈ మాయ వస్తది.

మందు కూడా అక్కడే ఉంది. అడుగు ముందుకో వెనక్కో జరగాలి, లేదా చీరెను కొంచెం పక్కకు తిప్పాలి. అప్పుడు జాలి కొలత మారిపోతది, అలలు పోతయి. ఎఫ్ 16 దాకా మూసినా తగ్గుతయి. నేసినవాడి మాట ఫొటోకు పనికొచ్చిందని ఆ రోజు నాకు టీ దొరికింది.

ఎక్కడ పనికిరాదు

మంచి చెప్పి చెడు దాచకూడదు. పెళ్ళిలో పుస్తె కట్టే క్షణానికి ఈ లెన్సు పెట్టకండి. రింగు తిప్పేలోపు మూడు ముళ్ళూ పడిపోతయి. ఉరికే పిల్లలకు పనికిరాదు. అటువంటి చోట కొత్త లెన్సే కావాలి. ఎదురు వెలుగులో పాత గాజు తెల్లబారి పోతది, ముందర రబ్బరు హుడ్ పెట్టాలి. ఏ ఎఫ్ దగ్గర తీశామో కెమెరా రాసుకోదు, మనమే గుర్తు పెట్టుకోవాలి.

ఇంత చెప్పినా, నిలబెట్టి తీసే చీరె ఫొటోలకు ఇది చాలు. ఆ దుకాణం ఆర్డరు పోలేదు. పిల్ల కిస్తు ఆగలేదు.

అక్క ఫొటో

ఆ లెన్సుతో అక్క ఫొటో తీద్దామని పిల్ల పట్టుబట్టింది. అక్క ఒప్పుకోలేదు. అప్పుడు నేను నలభై ఏండ్లుగా కడుపులో దాచుకున్న మాట చెప్పాను.

సమ్మె మొదలై ఏడు నెలలైనాక బావ ఆ కెమెరా అమ్మడానికి చోర్ బజార్ పోయాడు. తోడు నేను పోయాను. దుకాణదారు ధర చెప్పాడు. బావ సరే అన్నాడు. నేనే చెయ్యి పట్టి ఆపాను. "బావా, ఇంకో నెలల సమ్మె తీరుతది, అమ్మకు" అన్నాను. నా మాట విని వెనక్కి తెచ్చాడు. సమ్మె తీరనూ లేదు, మిల్లు మమ్మల్ని మళ్ళీ పిలవనూ లేదు. అక్క అన్న మాటలన్నీ బావ పడ్డాడు గాని, నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అక్క చేటలోని ఆకు కత్తిరిస్తూనే ఉంది. చాలాసేపటికి, "రెండు నెలల కిరాయి ఎల్లేది ఆ పైసలతోని" అన్నది. అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున నేను పోయేసరికి గడప పక్కన కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీరె కట్టింది, తల దువ్వుకుంది. "ఇప్పుడు తియ్యుండ్రి" అన్నది. పిల్ల కెమెరా నా చేతికి ఇచ్చింది. ఎఫ్ 2.8 పెట్టాను. పక్క నుంచి వెలుతురు పడుతోంది. మ్యాగ్నిఫై చేసి ఎడమ కంటి మీద ఫోకస్ పట్టాను. నా చెయ్యి వణికింది, నాలుగు పోయినయి, ఐదోది వచ్చింది.

బావ 1979లో ముంబై చాల్ గ్యాలరీలో తీసిన అక్క ఫొటో ఒకటి ఉంది, నలుపు తెలుపుది. ఇప్పుడు రెండూ ఒకే గోడ మీద ఉన్నయి. రెండూ ఒకే గాజులోంచి వచ్చినవి. అక్క వాటిని చూసి, "అప్పుడు ఎంత సన్నగ ఉంటి" అన్నది. బిందెల మాట ఈ మధ్య వినలేదు.

మీ అటక మీద ఉంటే

మన ఇళ్ళల్లో, మూతపడ్డ ఫొటో స్టూడియోల్లో పాత కెమెరాలు ఇంకా ఉన్నయి. భంగార్‌కు వేసేముందు ఇవి చూడండి.

లెన్సు ఊడుతుందా చూడండి. అగ్ఫా క్లిక్ 3, యాషికా ఎలక్ట్రో 35 వంటి వాటికి ఊడదు. జెనిట్, ప్రాక్టికా, పెంటాక్స్, నికాన్, మినోల్టా, కానన్ పాత ఎస్ఎల్ఆర్‌లకు ఊడుతుంది. ఒక్కొక్క దానికి అడాప్టరు వేరు, పేరు చూసి కొనాలి.

టార్చి ఒక పక్క నుంచి వేసి లోపల చూడండి. సాలెగూడు లాంటి పోగులుంటే బూజు. అంచున కొంచెం ఉంటే తీయించవచ్చు, గాజంతా పాకి ఉంటే ఆశ వదులుకోవాలి. కొన్ని పాత పెంటాక్స్ టకుమార్ లెన్సుల గాజు పసుపు రంగుకు తిరిగి ఉంటది. అందులో థోరియం అనే పదార్థం కలిపారు. కొన్ని రోజులు ఎండ తగిలితే ఆ పసుపు తగ్గుతుంది.

తోలు సంచిలో పెట్టి అటక ఎక్కించకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, మన దగ్గర నాలుగు నెలల వాన. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నెలకోసారి తీసి రింగు తిప్పండి, గాలి వెలుతురు తగలనియ్యండి.

ఇంకొకటి. రింగు బిగుసుకుంటే నూనె వేయకండి. నా మాట వినండి.